అమ్మాయి సాఫ్ట్‌బాల్ హిట్టింగ్ కోచ్ అవుతానంటోంది. ఈ దారి తెలిసినవాళ్లు చెప్పండి

ఫ్రిస్కో అమ్మ | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మేం టెక్సస్‌లో ఉంటాం, సొంతూరు తెనాలి. మా పెద్దమ్మాయి ఒక డివిజన్ 2 (రెండో స్థాయి జట్ల) కాలేజీలో సాఫ్ట్‌బాల్ ఆడుతోంది. వచ్చే మే నెలతో డిగ్రీ అయిపోతుంది. ఎనిమిదేళ్లప్పుడు పక్కింటి పాపతో సరదాగా మొదలుపెట్టింది. తర్వాత ట్రావెల్ టీమ్ అన్నారు, ఇక శనాదివారాలన్నీ ఎండలో గ్రౌండ్ల చుట్టూనే. కారు డిక్కీలో ఒక పక్క బ్యాట్లు, ఒక పక్క పులిహోర డబ్బా. అదంతా ఇష్టంగానే చేశాం.

పోయిన నెల ఇంటికొచ్చి, "అమ్మా, నేను హిట్టింగ్ కోచ్ అవుతాను" అంది. వాళ్ల కోచ్ గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా, అంటే మాస్టర్స్ చదువుతూ కోచ్‌కు సాయంగా ఉండమన్నారట. మాస్టర్స్ ఫీజు కాలేజీ చూసుకుంటుంది, చేతికి కొద్దిగా స్టైపెండ్ ఇస్తారు. మా వారు ఏమీ మాట్లాడలేదు. లేచి వెళ్లి చీకట్లో గడ్డికి నీళ్లు పెట్టడం మొదలుపెట్టారు.

నాకు కాదనాలని లేదు, కానీ టెన్షన్‌గా ఉంది. రోజూ వీళ్లు చేసే పనేంటి? పైకి ఎలా వెళ్తారు? దీంతో బతకొచ్చా? తెలిసినవాళ్లు ఉన్నది ఉన్నట్టు చెప్పండి, ఏమీ అనుకోను.

గుంటూరు రమణ | సోమవారం, రాత్రి 10:15

అమ్మా, నాకు ఈ ఆట కొత్త. తెలుసుకోవాలనే అడుగుతున్నాను, తప్పుగా అనుకోకండి. బంతేమో పెద్దది, చేయి కింది నుంచి వేస్తారు. దాన్ని కొట్టడం నేర్పడానికి ప్రత్యేకంగా ఒక కోచ్ అవసరమా?

నార్మన్ శ్రీను | సోమవారం, రాత్రి 11:02

రమణ గారూ, నేనూ అలాగే అనుకునేవాణ్ణి. ఓక్లహోమా యూనివర్సిటీ ఉన్న ఊళ్లో పదేళ్లుగా ఉంటున్నాను కాబట్టి చూసి తెలుసుకున్నాను.

కాలేజీ ఆటలో పిచ్చర్ (బంతి వేసే అమ్మాయి) నిలబడే చోటికీ, బ్యాటర్ ముందుండే హోమ్ ప్లేట్‌కీ దూరం 43 అడుగులు. ముందుకు దూకుతూ బంతి వదిలేసరికి 37, 38 అడుగులే మిగులుతాయి. గంటకు 65 మైళ్ల వేగంతో వేస్తే బంతి ప్లేట్ దాకా రావడానికి పట్టేది 0.4 సెకను. మన క్రికెట్‌లో 140 కిలోమీటర్ల బంతికి కూడా దాదాపు అర సెకను దొరుకుతుంది. ఆ 0.4 సెకనులోనే అది ఏ బంతో చూడాలి, కొట్టాలో వద్దో తేల్చుకోవాలి, బ్యాట్ తిప్పాలి. బంతి చుట్టుకొలత 12 అంగుళాలు. పేరులో సాఫ్ట్ ఉన్నా తగిలితే వాత తేలుతుంది.

పైగా ఇందులో రైజ్ బాల్ అని ఒకటుంది. వెనక్కి తిరిగే స్పిన్ వల్ల మనం అనుకున్నంత కిందికి దిగదు, కంటికి మాత్రం పైకి లేచినట్టే ఉంటుంది. 2004లో ఒక ఎగ్జిబిషన్ మ్యాచ్‌లో జెన్నీ ఫించ్ అనే సాఫ్ట్‌బాల్ పిచ్చర్ బేస్‌బాల్ దిగ్గజం ఆల్బర్ట్ పుహోల్స్‌ను స్ట్రైకౌట్ చేసింది. కొట్టాల్సిన బంతి తప్పితే ఒక స్ట్రైక్, మూడు స్ట్రైకులైతే అవుట్. ఆయన బలానికేం తక్కువ? కానీ ఆ బంతి రాకకు ఆయన కళ్లు అలవాటు పడలేదు. ఆ అలవాటు చేయించేదే హిట్టింగ్ కోచ్ పని.

అమ్మా, మీకు మా ఊరి ఉదాహరణే చెప్తాను. ఇక్కడి హెడ్ కోచ్ ప్యాటీ గాసో 1995 నుంచి ఉన్నారు. అంతకు ముందు కాలిఫోర్నియాలో లాంగ్ బీచ్ సిటీ కాలేజీ అనే రెండేళ్ల కాలేజీలో పనిచేసి వచ్చారు. హిట్టింగ్ చూసేది ఆవిడ కొడుకు జేటీ గాసో. 2021లో ఈ జట్టు 60 మ్యాచ్‌లలో 161 హోమ్ రన్లు కొట్టింది. అంతకు ముందు రికార్డు 158, 2010లో హవాయి జట్టుది.

జోసెలిన్ ఆలో పేరు వినే ఉంటారు. కాలేజీ కెరీర్‌లో మొత్తం 122 హోమ్ రన్లు. పాత రికార్డు 95, ఇదే జట్టుకు ఆడిన లారెన్ ఛాంబర్లెయిన్‌ది. 2022 ఫిబ్రవరిలో ఆలో 95 దగ్గరికి చేరింది. అక్కడి నుంచి ఎదుటి జట్లు ఆమెకు కొట్టే బంతే వేయలేదు, నాలుగు చెడ్డ బంతులు వేసి, అంటే వాక్ ఇచ్చి బేస్ మీదికి పంపేశాయి. 96వది మార్చి 11న పడింది, అదీ సొంత రాష్ట్రం హవాయిలో. మధ్యలో ఆ మూడు వారాలు చెడ్డ బంతి జోలికి పోకుండా నిలబడటమే నన్నడిగితే హోమ్ రన్ కన్నా గొప్ప సంగతి.

కేజ్ అక్క | మంగళవారం, ఉదయం 6:20

ఫ్రిస్కో అమ్మ గారూ, నేను ఆడాను, రెండేళ్లు గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా చేశాను, ఆ తర్వాత ఆరేళ్లు రెండు కాలేజీల్లో అసిస్టెంట్ కోచ్‌ని. హిట్టింగ్ నా చేతిలో ఉండేది. ఇప్పుడు సొంతంగా పిల్లలకు నేర్పుతున్నాను. కాస్త పెద్దగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

సీజన్ ఫిబ్రవరి నుంచి మే దాకా. 50కి పైగా మ్యాచ్‌లు. పొద్దున లేవగానే వీడియో. రాబోయే జట్టు పిచ్చర్ మొదటి బంతి ఎక్కడ వేస్తుంది, రెండు స్ట్రైకులు పడ్డాక దేన్ని నమ్ముకుంటుంది, ఛేంజప్ (వేగం తగ్గించిన బంతి) వేసేముందు గ్లవ్ కొంచెం వెడల్పుగా తెరుస్తుందా, ఇలాంటివన్నీ రాసుకోవాలి. అదంతా అమ్మాయిలకు ఒక్క పేజీలో, ఇంకా చెప్పాలంటే రెండు ముక్కల్లో చెప్పాలి. బ్యాట్ పట్టుకుని నిలబడ్డ పిల్లకు మూడో ముక్క బుర్రలో పట్టదు. మధ్యాహ్నం ఒక్కొక్కరితో విడిగా. తర్వాత టీమ్ ప్రాక్టీస్. ఆటగాళ్లకు సీజన్‌లో వారానికి 20 గంటలే అని కాలేజీ ఆటల సంఘం ఎన్‌సీఏఏ నిబంధన ఉంది. కోచ్‌కు అలాంటిదేమీ లేదు.

వేసవి అంతా రిక్రూటింగ్. కాలిఫోర్నియా, కొలరాడో టోర్నమెంట్లలో పొద్దున ఎనిమిది నుంచి రాత్రి దాకా మడత కుర్చీలో కూర్చుని పదహారేళ్ల పిల్లల ఆట చూడాలి. డివిజన్ 1లో అయితే పదకొండో తరగతి సెప్టెంబర్ 1 వచ్చేదాకా ఆ పిల్లలతో మాట్లాడకూడదు కాబట్టి ఆ ముందు రోజు రాత్రి ఎవరూ నిద్రపోరు. కోచింగ్ ఎంతో, ఈ పనీ అంతే. మీ అమ్మాయికి ఇది ముందే తెలియాలి.

ఇక అసలు పని. నా దగ్గరికి మొదటి ఏడాదిలో ఒక అమ్మాయి వచ్చింది. చేతుల్లో మెరుపుంది, కానీ ప్రతి బంతినీ కొట్టాలనే ఆత్రం. చివర్లో కిందికి దిగి నేల మీద పడే డ్రాప్ బాల్‌కూ బ్యాట్ ఊపేది. "ఆగు, చూసి కొట్టు" అని ఎన్నిసార్లు చెప్పినా లాభం లేదు. చూడటం అనేది చెబితే వచ్చేది కాదు. బకెట్ నిండా బంతులు తీసుకుని మార్కర్‌తో కొన్నిటికి ఎర్ర చుక్క, కొన్నిటికి నల్ల చుక్క పెట్టాను. నెట్ వెనక స్టూలు మీద కూర్చుని కింది నుంచి వేసేదాన్ని. ఎర్ర చుక్కయితే కొట్టాలి, నల్ల చుక్కయితే వదిలేయాలి, రంగు గట్టిగా అరిచి చెప్పాలి. మొదటి రోజు నలభై బంతుల్లో సగం తప్పు చెప్పింది. ఏడుపొచ్చి గ్లవ్స్ తీసేస్తే చూశాను, బొటనవేలి పక్కన కాయ చితికి టేపు రక్తంతో తడిసి ఉంది. ఆ రోజుకు ఆపేశాం. మర్నాడు నాకన్నా ముందే వచ్చి కేజ్‌లో (నెట్ కట్టిన ప్రాక్టీస్ చోటులో) కూర్చుని ఉంది.

మూడు వారాలకు రంగు చెప్పడం మానేసింది. అవసరం లేకపోయింది. ఏప్రిల్‌లో ఒక మ్యాచ్, ఏడో ఇన్నింగ్స్, రెండు అవుట్లు. రెండు స్ట్రైకులు పడ్డాక వరసగా నాలుగు బంతులు వదిలేసి వాక్ తీసుకుంది. చివరిది ప్లేట్‌కు రెండంగుళాల ముందు నేల మీద పడిన డ్రాప్ బాల్, ఒకప్పుడు కళ్లు మూసుకుని ఊపేసే బంతి. బేస్ మీదికి నడుచుకుంటూ వెళ్తూ డగౌట్ వైపు తిరిగి నన్ను చూసింది. ఆ మ్యాచ్ ఓడిపోయాం. బస్సులో కూర్చుని సంతోషంతో ఏడ్చాను.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. రెండో ఏడాది మా జట్టులో బాగా కొట్టే అమ్మాయి ఒకరుండేది. సగటు .380, అంటే పదిసార్లకు దాదాపు నాలుగు హిట్లు. వీడియోలో ఆమె చేతులు కొంచెం కిందుగా మొదలవుతున్నాయని సీజన్ మధ్యలో మార్చాను. నెల రోజులు ఆమెకు బంతి సరిగా తగల్లేదు. నాకు తెలిసింది చూపించుకోవాలనే ఆత్రంతో చేసిన పని అది. పాత పద్ధతికి వెళ్లమని నేనే చెప్పి క్షమాపణ అడిగాను. బ్లాస్ట్ మోషన్ సెన్సర్, రాప్‌సోడో, హిట్‌ట్రాక్స్ అన్నీ ఇప్పుడు కాలేజీల్లో ఉన్నాయి. బ్యాట్ వేగం, కోణం అంకెల్లో వస్తాయి. మీ అమ్మాయి అవి నేర్చుకుని తీరాలి. కానీ ఎప్పుడు నోరు మూసుకోవాలో మాత్రం ఆ అంకెలు చెప్పవు.

డాలస్ నాన్న | మంగళవారం, మధ్యాహ్నం 1:30

అక్క రాసింది చదివి కళ్లు చెమర్చాయి. అయినా ఇంకో వైపు నేను చెప్పాలి, ఎందుకంటే మా ఇంట్లో జరిగింది.

మా అమ్మాయి డిగ్రీ కాగానే ఒక పెద్ద కాలేజీలో వాలంటీర్ కోచ్‌గా చేరింది. పేరుకు వాలంటీర్, పని మాత్రం అందరితో సమానం. జీతం లేదు. సాయంత్రాలు ప్రైవేట్ పాఠాలు, వేసవిలో క్యాంపులు, వాటితో అద్దె కట్టుకునేది. రెండేళ్లకు అక్కడే జీతమున్న చిన్న పోస్టు వచ్చింది. ఇల్లు కుదుర్చుకుని సామాను సర్దుకుంది. ఆ సీజన్ చివర హెడ్ కోచ్‌ను తీసేశారు. ఆవిడతో పాటు అసిస్టెంట్లందరినీ. మా పిల్ల నేర్పిన హిట్టర్లు ఆ ఏడాది బాగానే కొట్టారు, ఓడింది పిచింగ్ వల్ల. కానీ ఆ లెక్క ఎవరూ చూడలేదు.

తనిప్పుడు హైస్కూల్లో లెక్కల టీచరు, అక్కడి జట్టుకు కోచ్ కూడా. సంతోషంగానే ఉంది. ఆ పని మానమని నేను అనను. అయితే చేతిలో టీచింగ్ సర్టిఫికెట్ లాంటిది ఒకటి ఉంచుకోమనండి. మమ్మల్ని ఆదుకున్నది అదే.

నార్మన్ శ్రీను | మంగళవారం, సాయంత్రం 5:48

డాలస్ నాన్న గారూ, చదివి బాధేసింది. ఒక విషయం మాత్రం మారింది. 2023 జూలై 1 నుంచి డివిజన్ 1లో వాలంటీర్ కోచ్ అనే హోదా తీసేశారు. ఇప్పుడు హెడ్ కోచ్ కింద ముగ్గురు అసిస్టెంట్లకు జీతం ఇవ్వొచ్చు. ఇవ్వొచ్చు అన్నారే గాని ఇంతివ్వాలని లేదు కాబట్టి కాలేజీని బట్టి తేడా చాలా ఉంటుంది. అయినా మీ అమ్మాయి నడిచిన రోజులకూ ఇప్పటికీ ఒక మెట్టు పెరిగింది.

ఎదగడం గురించి అమ్మ అడిగారు కదా. మైక్ కాండ్రియా కథ చూడండి. సెంట్రల్ అరిజోనా కాలేజీ అనే రెండేళ్ల కాలేజీలో జట్టును తయారు చేసి 1984, 1985లో జూనియర్ కాలేజీల జాతీయ టైటిళ్లు గెలిపించారు. 1986 సీజన్‌కు అరిజోనా యూనివర్సిటీ పిలిచింది. అక్కడ ఎనిమిది జాతీయ టైటిళ్లు. హిట్టింగ్ నేర్పడంలో ఆయనకు గొప్ప పేరు. 1995లో ఆయన జట్టులోని లారా ఎస్పినోజా ఒక్క సీజన్‌లో 37 హోమ్ రన్లు కొట్టింది. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో అమెరికాకు స్వర్ణం వచ్చినప్పుడు ఆయనే కోచ్.

2021లో ఆయన రిటైరయ్యాక ఆ కుర్చీ కేట్లిన్ లో (Lowe) అనే ఆవిడకు వచ్చింది. ఆయన దగ్గరే ఆడింది, 2006, 2007 టైటిళ్లు గెలిచిన జట్టులో ఉంది. తర్వాత అక్కడే ముందు జట్టు నిర్వహణ పనులు, ఆ తర్వాత అసిస్టెంట్ కోచ్, చివరికి హెడ్ కోచ్. మొదటి సీజన్‌లోనే జట్టును ఓక్లహోమా సిటీలో జరిగే, కాలేజీల జాతీయ టైటిల్ తేలే వరల్డ్ సిరీస్‌కు తీసుకెళ్లింది.

అందరూ హెడ్ కోచ్ కావాలనీ లేదు. లీసా ఫెర్నాండెజ్ మూడు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన మనిషి, ఏథెన్స్‌లో .545 సగటుతో కొట్టింది. తను చదివిన యూసీఎల్‌ఏలోనే ఏళ్ల తరబడి అసిస్టెంట్‌గా ఉంది. అలాంటి చోట అసిస్టెంట్‌గా ఉండటం చిన్న పనని నేననుకోను.

కదిరి పీఈటీ | బుధవారం, రాత్రి 8:05

మేడమ్, సార్, నమస్తే. నేను ప్రభుత్వ హైస్కూల్లో పీఈటీని. మా దగ్గర స్కూల్ గేమ్స్‌లో సాఫ్ట్‌బాల్ ఉంది, ఆడపిల్లలు బాగా ఆడతారు. మా పిల్లలకు బ్యాట్లు రెండే. పిచింగ్ మెషిన్ ఫోన్లో చూడటమే. కేజ్ అక్క మేడమ్ రాసిన ఎర్ర చుక్క, నల్ల చుక్క ఈరోజే చేయించాను. మార్కర్ లేక కుంకుమ, బొగ్గు పెట్టాను. పిల్లలు ఇంటికి పోమన్నా పోలేదు.

మేం ఒకటి చేస్తాం మేడమ్. చింతగింజలు గుప్పెడు తీసుకుని ఒక్కొక్కటే పైకి వేస్తాను. పిల్ల చీపురుకట్ట లావు కర్రతో దాన్ని కొట్టాలి. గింజ తగిలితే టప్‌మని చప్పుడొస్తుంది. ఇది సరైన పద్ధతేనా, స్వింగ్ పాడవుతుందా అని నా అనుమానం.

కేజ్ అక్క | గురువారం, ఉదయం 6:45

సార్, ముందు మీకు దండం. ఇక్కడ కోచ్‌లు ఎండు చిక్కుడు గింజలతో ఇదే చేయిస్తారు. మీరు ఎవరూ చెప్పకుండానే చేస్తున్నారు. చింతగింజంత దాన్ని చూడగలిగిన కంటికి 12 అంగుళాల బంతి గుమ్మడికాయలా కనబడుతుంది. స్వింగ్ పాడవదు. ఒక్కటే జాగ్రత్త, గింజ ఎగిరి మీ కంట్లో పడకుండా మధ్యలో దోమతెర గానీ పాత వల గానీ కట్టండి. బలం కోసం పాత టైరును చెట్టుకు కట్టి బ్యాట్‌తో తోయించండి, కొట్టించొద్దు. ఉన్న రెండు బ్యాట్లూ పగిలిపోతాయి. బ్యాట్ టైరుకు ఆనిన చోట ఆపి నడుము తిరిగిందా, వెనక మడమ లేచిందా చూడండి.

ఇంకోటి. మీ పిల్లల్లో బాగా ఆడి, పెద్దయ్యాక ఆడే అవకాశం లేని అమ్మాయి ఉంటే చిన్నపిల్లలకు గింజలు వేసే పని ఆమెకివ్వండి. నేను కోచ్‌నయింది అలాగే. మోకాలు దెబ్బతిని ఒక సీజన్ కూర్చున్నప్పుడు బకెట్ పక్కన కూర్చోబెట్టారు.

ఫ్రిస్కో అమ్మ | రెండు వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 10:10

ఇన్ని రోజులు జవాబు రాయలేకపోయాను, క్షమించండి. మీ అందరి మాటలూ ప్రింటు తీసి మా వారి బల్ల మీద పెట్టాను. ఏమీ అనలేదు. శుక్రవారం సాయంత్రం ఆయనే, "రేపు దాని ప్రాక్టీస్ ఎన్నింటికి?" అని అడిగారు. నాలుగు గంటలు డ్రైవ్ చేసుకుని వెళ్లాం.

మేం వెళ్లేసరికి ప్రాక్టీస్ అయిపోయింది. అందరూ వెళ్లిపోయాక కేజ్‌లో మా అమ్మాయి, మొదటి ఏడాది పిల్ల ఒకతె ఉన్నారు. మమ్మల్ని చూడలేదు. ఆ పిల్ల పది బంతులు కొట్టి పదీ నేలకే కొట్టింది. మా పిల్ల ఒక్క మాటా అనలేదు. వెళ్లి టీ (బంతి నిలబెట్టే స్టాండు) మీది బంతిని కొంచెం, నాలుగు వేళ్ల వెడల్పు ముందుకు జరిపి మళ్లీ వచ్చి నిలబడింది. తర్వాతి బంతి నెట్ పైభాగానికి తగిలింది. ఆ పిల్ల వెనక్కి తిరిగి చూస్తే మా పిల్ల తలూపింది, అంతే. ఇంట్లో గుక్క తిప్పుకోకుండా మాట్లాడే పిల్ల ఇది! మా వారు కంచె పట్టుకుని అలాగే నిలబడిపోయారు. కారెక్కాక, "చెప్పకుండా చెప్తోందే" అన్నారు.

ఒప్పుకున్నాం. డాలస్ నాన్న గారూ, టీచింగ్ సర్టిఫికెట్ మాట మీ పేరు చెప్పే అడిగాను. మాస్టర్స్‌తో పాటు చేస్తానంది. అక్కా, ఒక్క సందేహం. స్టైపెండ్ పది నెలలకే అని కాగితంలో ఉంది. జూన్, జూలై నెలలకు ఏం చేయాలి?

కేజ్ అక్క | సోమవారం, ఉదయం 6:15

చాలా సంతోషం అమ్మా. ఆ రెండు నెలలు కాలేజీ క్యాంపులు నడుస్తాయి. వాటిలో పనిచేస్తే విడిగా డబ్బు ఇస్తారా, ఎంత, అని సంతకం పెట్టకముందే అడిగి కాగితం మీద రాయించుకోమనండి. నోటిమాట మీద ఉండొద్దు. వేసవిలో కూడా హెల్త్ ఇన్సూరెన్స్ ఉంటుందో లేదో అడగమనండి. డిసెంబర్‌లో ఫాస్ట్‌పిచ్ కోచ్‌ల సంఘం ఎన్‌ఎఫ్‌సీఏ సమావేశం జరుగుతుంది, ఉద్యోగాల మాటలు చాలా వరకు అక్కడే నడుస్తాయి. దానికి పంపే ఖర్చు కాలేజీ పెట్టుకుంటుందేమో కనుక్కోమనండి. పెట్టుకోకపోతే మీరు పంపండి.

మీ అమ్మాయికి నా నంబర్ ప్రైవేట్ మెసేజ్‌లో ఇస్తాను. మొదటి సీజన్‌లో ఎప్పుడైనా, అర్ధరాత్రయినా సరే, చేయమనండి.